ఏ పాడ్‌కాస్ట్ వినాలి? మీ తీరికను బట్టి ఎంచుకోండి

మంచి పాడ్‌కాస్టులు చెప్పమని అడిగేవారు తమకిష్టమైన విషయమేదో కూడా చెబుతారు. ఒకరు చరిత్ర అంటారు, ఒకరు సైన్సు అంటారు, ఇంకొకరు నేరపరిశోధన అంటారు. అంతమాత్రాన ఎంపిక తేలదు. చరిత్ర మీదే లెక్కలేనన్ని కార్యక్రమాలున్నాయి. ఒకటి పావుగంటలో ముగుస్తుంది, మరొకటి ఒక్క యుద్ధం గురించే ఇరవై గంటలకు పైగా చెబుతుంది. ఒకటి అంట్లు తోముతూ వినవచ్చు, మరొకటి వింటుంటే కాగితం, కలం వెతుక్కోవలసి వస్తుంది. అందుకే నేను మొదట అడిగేవి రెండే ప్రశ్నలు. వినేటప్పుడు మీ చేతులు ఏ పనిలో ఉంటాయి? మధ్యలో ఆపకుండా ఎంతసేపు వినగలరు?

మూడో ప్రశ్న కార్యక్రమానికి వేయాలి. మైకు ముందుకు రాకముందు వీళ్లు ఎంత పని చేశారు? నాకు సంబంధించినంతవరకు అసలు గీటురాయి ఇదే. నెలల తరబడి పత్రాలు తిరగేసి, సంబంధిత వ్యక్తులను కలిసి, గంటల కొద్దీ రికార్డింగును నలభై నిమిషాలకు కుదించి ఇచ్చేవారున్నారు. వాళ్ల శ్రమ మన సమయాన్ని కాపాడుతుంది. ఏ సన్నాహమూ లేకుండా ఇద్దరు కూర్చుని తోచింది మాట్లాడుకుని, దాన్ని అలాగే వదిలేసేవారూ ఉన్నారు. అప్పుడు ఏరుకునే పని మన మీద పడుతుంది. శ్రోతల సంఖ్య, అతిథి పేరుప్రఖ్యాతులు చూసి మోసపోయే అవకాశం ఎక్కువ. పడిన శ్రమ మాత్రం పది నిమిషాలు వినేసరికి తెలిసిపోతుంది.

చరిత్ర: పావుగంట నుంచి ఇరవై గంటల దాకా

రోజుకు పావుగంటే దొరికేవారికి నా మొదటి సిఫార్సు ‘ఎ హిస్టరీ ఆఫ్ ద వరల్డ్ ఇన్ 100 ఆబ్జెక్ట్స్’. 2010లో బీబీసీ రేడియో 4, బ్రిటిష్ మ్యూజియం కలిసి చేసిన కార్యక్రమం ఇది. మొత్తం 100 భాగాలు. అప్పటి మ్యూజియం డైరెక్టర్ నీల్ మెక్‌గ్రెగర్ ఒక్కో భాగంలో ఒక్కో వస్తువును తీసుకుని, దాని చుట్టూ ఉన్న లోకాన్ని వివరిస్తారు. ఈజిప్టు మమ్మీతో మొదలై, సౌరశక్తితో పనిచేసే దీపం, ఛార్జరుతో ముగుస్తుంది. కంటితో చూడవలసిన వస్తువులను చెవికి అప్పగించడం సాహసమే. రెండో భాగం వినండి. టాంజానియాలోని ఓల్డువాయ్ లోయలో దొరికిన రాతి పనిముట్టును చేతిలో పట్టుకుని, మాంసం కోయడానికి అది ఎలా పనికివచ్చేదో ఆయన చెబుతుంటే బొమ్మ లేని లోటు తెలియదు. ఆ వస్తువులు లండనుకు ఎలా చేరాయన్న ప్రశ్నకు మాత్రం ఈ కార్యక్రమం ఇచ్చిన చోటు చాలదని నా అభిప్రాయం. ఆ ప్రశ్న మిమ్మల్ని వెంటాడితే, విలియం డాల్రింపుల్, అనితా ఆనంద్ 2022లో ప్రారంభించిన ‘ఎంపైర్’ వినండి. వాళ్లు తమ ప్రయాణాన్ని ఈస్టిండియా కంపెనీతోనే మొదలుపెట్టారు.

ముప్పావు గంట కుదురుగా కూర్చోగలిగినవారికి ‘ఇన్ అవర్ టైమ్’ను మించినది నాకు కనబడలేదు. 1998లో రేడియో 4లో మొదలైంది. మెల్విన్ బ్రాగ్ 2025 దాకా నడిపారు. పద్ధతి మారదు: ఒక విషయం, దాన్ని జీవితమంతా చదివిన ముగ్గురు ఆచార్యులు, వాళ్లను దారి తప్పనివ్వని ఒక వ్యాఖ్యాత. ఒక వారం ఒక ప్రాచీన రాజ్యం, మరుసటి వారం ఒక గణిత సమస్య, ఆ పై వారం ఒక కవి. ఎవరైనా పక్కదారి పడితే బ్రాగ్ మొహమాటం లేకుండా మాట తుంచి అసలు విషయానికి తెస్తారు. మొదట్లో అది కటువుగా తోస్తుంది. కొన్ని ఎపిసోడ్లు విన్నాక, ఆ తుంచడం మన తరఫున జరుగుతోందని అర్థమవుతుంది. పాడ్‌కాస్టులో ప్రసారం ముగిశాక మరికొంత సంభాషణ ఉంటుంది. చెప్పకుండా మిగిలిపోయింది ఏమిటని ఆయన అడుగుతారు. ముగ్గురూ భుజాలు సడలించి, తమకు నిజంగా ఇష్టమైన సంగతులు అప్పుడు బయటపెడతారు. చివర నిర్మాత వచ్చి టీ కావాలా, కాఫీ కావాలా అని అడగడం కూడా వినిపిస్తుంది. ఆ చివరి నిమిషాలను దాటవేయకండి. వంట చేస్తూ మాత్రం ఈ కార్యక్రమం వినవద్దు. ఒక్క వాక్యం తప్పిపోతే తర్వాతి పది నిమిషాలు అర్థం కావు.

చేతులకు పని ఉన్నప్పుడు వినదగినది ‘ద రెస్ట్ ఈజ్ హిస్టరీ’. టామ్ హాలండ్, డొమినిక్ శాండ్‌బ్రూక్ ఇద్దరూ చరిత్ర రచయితలు. 2020లో మొదలుపెట్టారు. స్నేహితుల ముచ్చటలా సాగుతుంది, నవ్వులుంటాయి, అయినా ఇద్దరూ చదువుకుని వచ్చారన్నది ప్రతి మలుపులోనూ తెలుస్తుంది. ఒక నిమిషం ధ్యాస మళ్లినా దారం తెగదు.

ఇక దీర్ఘయాత్రలు. ఇక్కడ ఎంపిక ఎక్కువగా రెండింటి మధ్య: మైక్ డంకన్ ‘ద హిస్టరీ ఆఫ్ రోమ్’, డాన్ కార్లిన్ ‘హార్డ్‌కోర్ హిస్టరీ’. రెండింటిలోనూ ఒక్క గొంతే ఉంటుంది. స్వభావాలు మాత్రం పూర్తిగా వేరు. డంకన్ 2007లో మొదలుపెట్టి 2012లో ముగించారు. రోము పుట్టుక గాథల నుంచి క్రీ.శ. 476లో పశ్చిమ సామ్రాజ్యం కూలేదాకా 179 భాగాల్లో, ఎక్కడా తొందర లేకుండా, వరుస తప్పకుండా చెబుతారు. మొదటి భాగాల్లో రికార్డింగు నాణ్యత తక్కువ. దానికి భయపడి మానేయకండి, పోనుపోను శబ్దమూ మెరుగవుతుంది, రచనా మెరుగవుతుంది. కార్లిన్ తాను చరిత్రకారుణ్ణి కానని పదేపదే చెప్పుకుంటారు. ఆయన చేసేది యుద్ధభూమిలో మనల్ని నిలబెట్టడం. మొదటి ప్రపంచయుద్ధం గురించిన ‘బ్లూప్రింట్ ఫర్ ఆర్మగెడాన్’ ఆరు భాగాలు, మొత్తం 20 గంటలకు పైనే. బురద, ఫిరంగి మోత, కందకాల్లో వారాల తరబడి నిద్రలేని సైనికుల మాటలు ఆయన గొంతులో వింటే రాత్రి నిద్ర పట్టదు.

ఈ రెండింటిలో ఏది? ఏ రాజు తర్వాత ఎవరు, ఏ చట్టం ఎందుకొచ్చింది, సైన్యానికి జీతం ఎక్కడి నుంచి వచ్చింది అన్న నిర్మాణం మనసులో నిలవాలంటే డంకన్. ఆ కాలంలో బతికి ఉండటం ఎలా ఉండేదో అనుభవానికి రావాలంటే కార్లిన్. నేను డంకన్ వైపే మొగ్గుతాను. కార్లిన్ చెప్పింది వింటున్నంతసేపూ ఊపిరి బిగపట్టేలా ఉంటుంది కానీ, నెల తర్వాత గుర్తుచేసుకుంటే దృశ్యాలు మిగులుతాయి, క్రమం చెదిరిపోతుంది. డంకన్ విషయంలో క్రమం మిగులుతుంది. ఏ పుస్తకం పట్టుకున్నా కొత్త సంగతులను ఆ క్రమంలో ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. రోము పూర్తయ్యాక ఆయనదే ‘రెవల్యూషన్స్’ ఉంది. 2013లో ఇంగ్లండు అంతర్యుద్ధంతో మొదలుపెట్టి రష్యా విప్లవం దాకా వెళ్లారు. అందులో హైతీ విప్లవం భాగాలను ప్రత్యేకంగా సిఫార్సు చేస్తాను. బానిసలుగా ఉన్నవారు తిరగబడి ఒక దేశాన్ని నిలబెట్టుకున్న కథను అంత ఓపికగా, అన్ని పక్షాలనూ విడమరచి చెప్పినవారు తక్కువ.

నిజకథలు: చెవికి నచ్చినంత మాత్రాన నిజం కావు

కథనం ప్రధానంగా సాగే కార్యక్రమాల్లో చాలామంది మొదట వినేది ‘సీరియల్’. వినవలసినదే. 2014లో వచ్చిన మొదటి సీజన్ 12 భాగాలు. బాల్టిమోర్ దగ్గర 1999లో జరిగిన ఒక విద్యార్థిని హత్య, ఆ కేసులో శిక్షపడిన సహవిద్యార్థి అద్నాన్ సయ్యద్. పాత్రికేయురాలు సారా కేనిగ్ వారం వారం తనకు తెలిసింది తెలిసినట్టు మన ముందు పెడుతూ పోతారు. రేడియో, టీవీ కార్యక్రమాలకిచ్చే పేరున్న పీబడీ పురస్కారం అంతకుముందు ఏ పాడ్‌కాస్టుకూ రాలేదు, దీనికి వచ్చింది.

అయిదో భాగం ఈ కార్యక్రమం పనితనానికి మంచి నమూనా. బడి 2:15కు విడిచిపెట్టారు. ప్రాసిక్యూషన్ కథ ప్రకారం 2:36కు ఒక దుకాణం దగ్గరి నుంచి ఫోన్ వెళ్లేసరికి హత్య ముగిసిపోయింది. మధ్యలో ఉన్నవి 21 నిమిషాలు. అది సాధ్యమా? కేనిగ్, నిర్మాత డేనా చివిస్ ఇద్దరూ గడియారం పట్టుకుని, బడి బస్సులు కదిలేదాకా ఆగి, అదే దారిలో కారు నడిపి చూస్తారు. దాదాపు సరిపోతుంది. అసాధ్యమని కొట్టిపారేయడానికి లేదు, తేలిగ్గా ఒప్పుకోవడానికీ లేదు. మధ్యలో ఎక్కడో చివిస్ రోడ్డు పక్కన రొయ్యల మీద తగ్గింపు ధర బోర్డు చూసి ఆ మాట పైకి అనేస్తారు. కేనిగ్ దాన్ని ఎడిటింగులో తీసేయలేదు. అందువల్లే మనం కూడా ఆ కారులో వెనక సీట్లో కూర్చున్నట్టుంటుంది. ఒకే ఒక్క జాగ్రత్త: ఈ కేసు కార్యక్రమంతో ముగిసిపోలేదు. 2022లో నేరనిర్ధారణను కోర్టు రద్దు చేసింది, 2023లో పై కోర్టు పునరుద్ధరించింది, 2025లో శిక్షను అప్పటికే గడిపిన కాలానికి తగ్గించారు. నేరనిర్ధారణ అలాగే నిలిచింది. పన్నెండు భాగాలు విని తీర్పు చెప్పేయాలన్న ఆవేశం వస్తుంది. చనిపోయిన అమ్మాయి కుటుంబం ఇంకా ఉందని గుర్తుపెట్టుకుని వినండి.

‘ఎస్-టౌన్’ కళ దృష్ట్యా సీరియల్‌ను మించింది. 2017లో ఏడు భాగాలూ ఒకేసారి విడుదలయ్యాయి. తమ ఊళ్లో జరిగిన ఒక హత్యను కప్పిపుచ్చుతున్నారంటూ అలబామా నుంచి ఒక వ్యక్తి పాత్రికేయుడు బ్రయన్ రీడ్‌కు రాసిన లేఖతో మొదలవుతుంది. ఆ వ్యక్తి పాత గడియారాలు బాగుచేయడంలో నిపుణుడు. కథ ఆ హత్యను వదిలి అతని చుట్టూ తిరగడం మొదలుపెట్టాక, ఇది మంచి నవలలా సాగుతుంది. కానీ ఒక మనిషి అంతరంగాన్ని అతని పూర్తి అనుమతి లేకుండా ఇంతగా తెరవవచ్చా అన్న ప్రశ్న ఉంది. ఆ మీదట కోర్టులో వ్యాజ్యం కూడా నడిచి రాజీతో ముగిసింది. పైగా ఇందులో ఆత్మహత్య ప్రస్తావన ఉంది. మనసు బాగాలేని రోజుల్లో దీని జోలికి వెళ్లకండి. ఈ రెండింటిలో ఒకటే వినేవారికి నేను సీరియల్ చెబుతాను. అందులో మన ఆసక్తికి కనీసం ఒక న్యాయప్రశ్న అండగా ఉంది.

ఈ రెండూ పుట్టిన ఇల్లు ‘దిస్ అమెరికన్ లైఫ్’. ఐరా గ్లాస్ 1995లో షికాగో రేడియోలో మొదలుపెట్టారు. వారానికో గంట, ఒక ఇతివృత్తం, దాని మీద రెండు మూడు నిజకథలు. 2020లో శబ్ద పాత్రికేయానికి పులిట్జర్ బహుమతి మొట్టమొదటిసారి ఇచ్చినప్పుడు, అది దక్కింది ఈ కార్యక్రమంలోని ఒక ఎపిసోడ్‌కే. అయినా దీన్ని నమ్మడానికి నాకున్న కారణం బహుమతులకన్నా 2012 నాటి ఒక ఎపిసోడ్. అప్పటికి కొద్ది వారాల ముందు, చైనాలోని ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల గురించి ఒక రంగస్థల కళాకారుడు చెప్పిన కథను వీళ్లు ప్రసారం చేశారు. దానికి విపరీతమైన ఆదరణ వచ్చింది. తర్వాత అందులో కల్పించిన సంఘటనలున్నాయని బయటపడింది. వీళ్లు ఒక సవరణ ప్రకటన చేసి ఊరుకోలేదు. గంట కార్యక్రమం మొత్తం దానికే కేటాయించి, ఏది అబద్ధమో ఒక్కొక్కటే విప్పి, ఆ కళాకారుణ్ణి స్టూడియోకు పిలిచి ప్రశ్నించారు. గ్లాస్ ప్రశ్న అడుగుతారు. జవాబు రాదు. ఆ మౌనాన్ని కత్తిరించకుండా అలాగే ఉంచారు. సెకన్లు గడుస్తాయి, ఊపిరి తీసుకునే చప్పుడు వినిపిస్తుంది. రేడియోలో మౌనం ఎంత చెప్పగలదో తెలియాలంటే అది వినాలి.

దీని పక్కన ‘కాలిఫేట్’ను పెట్టి చూడండి. 2018లో న్యూయార్క్ టైమ్స్ విడుదల చేసింది. తాను ఐసిస్‌లో చేరి హత్యలు చేశానని చెప్పిన ఒక కెనడా యువకుడి మాటల మీద దాని కథనం ఎక్కువగా ఆధారపడింది. 2020లో కెనడా పోలీసులు ఆ కథ బూటకమని అతని మీద కేసు పెట్టారు. ఆ తర్వాత పత్రిక జరిపిన విచారణలో కార్యక్రమం తమ ప్రమాణాలకు తగినట్టు లేదని తేలింది. వచ్చిన పీబడీ పురస్కారాన్ని తిరిగి ఇచ్చేశారు. సంగీతం, ఉత్కంఠ, గొంతులోని వణుకు మన విమర్శనాబుద్ధిని ఎంత సులువుగా నిద్రపుచ్చుతాయో ఈ ఉదంతం చెబుతుంది. నిజకథల పాడ్‌కాస్టు ఎంచుకునేముందు, వాళ్లు తప్పు జరిగినప్పుడు ఏం చేశారో వెతికి చూడటం మంచిది.

విషయం విడమరచి చెప్పేవి

సైన్సు, ఆర్థికం, మన చుట్టూ ఉన్న వస్తువులు. వీటికి మూడు పేర్లు చాలు.

‘రేడియోల్యాబ్’ శబ్దంతో చేసే ప్రయోగశాల. దాన్ని తీర్చిదిద్దిన జాడ్ అబుమ్రాద్ సంగీతం చదువుకున్నవారు, ఆయన తోడు రాబర్ట్ క్రల్విచ్. రంగుల గురించి 2012లో వచ్చిన ఎపిసోడ్‌లో, ఒక్కో జీవికి ఎన్ని రంగులు కనిపిస్తాయో చెప్పడానికి ఒక గాయక బృందాన్ని రప్పించారు. కుక్క చూసే ఇంద్రధనుస్సుకు కొన్ని స్వరాలే. మనిషి దగ్గరికి వచ్చేసరికి స్వరాలు పెరుగుతాయి. పిచుక, సీతాకోకచిలుక దాటి, మాంటిస్ రొయ్య వంతు వచ్చేసరికి బృందమంతా గొంతు విప్పుతుంది. ఒళ్లు పులకరిస్తుంది. అయితే 2014లో వచ్చిన పరిశోధన ప్రకారం ఆ రొయ్య కంట్లో అన్ని రకాల గ్రాహకాలున్నా దగ్గరి రంగులను వేరుచేసి గుర్తించడంలో అది మనకన్నా వెనకే. ఎపిసోడ్ అందం తగ్గదు. సైన్సు పాడ్‌కాస్టుల విషయంలో విడుదల తేదీ చూసుకోవాలన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

‘99 పర్సెంట్ ఇన్విజిబుల్’ను రోమన్ మార్స్ 2010లో నాలుగైదు నిమిషాల రేడియో ముక్కలుగా మొదలుపెట్టారు. ఇప్పుడు అరగంటకు పైగా ఉంటుంది. మనం రోజూ చూస్తూ గమనించని రూపకల్పనలే దీని విషయం. కాలిబాట అంచున రోడ్డులోకి దిగే చిన్న వాలు గురించి ఒక ఎపిసోడ్ ఉంది. చక్రాల కుర్చీల్లో తిరిగేవారు పోరాడి సాధించుకున్న ఆ వాలు, తర్వాత పసిపిల్లల బండ్లు తోసేవారికీ సామాను లాగేవారికీ సమానంగా అక్కరకొచ్చింది. విన్నాక ఆ వాలు మీద కాలు పెట్టిన ప్రతిసారీ దాని వెనక మనుషులు గుర్తుకొస్తారు. నడకకు దీనికి మించిన తోడు లేదు.

‘ప్లానెట్ మనీ’ 2008 ఆర్థిక సంక్షోభంలో పుట్టింది. ఈ కార్యక్రమం వాళ్లు సూత్రాలు వల్లించరు. గృహరుణాల మీద ఆధారపడి, ఆ సంక్షోభంలో విలువ కుప్పకూలిన పత్రాలను ‘విషపు ఆస్తులు’ అన్నారు. అవేమిటో తెలుసుకోవడానికి తలా కొంత వేసుకుని 1,000 డాలర్లకు నిజంగానే ఒక ముక్క కొన్నారు. పెట్టినదాంట్లో సగానికి పైగా పోయింది. ఆ సొమ్ము ఎలా కరిగిపోయిందో వింటే పాఠ్యపుస్తకం చెప్పలేనిది అర్థమవుతుంది. మరోసారి ఒక టీషర్టు తయారు చేయించి, పత్తి చేను నుంచి నూలు మిల్లు, కుట్టుపని చేసే కార్మికుల దాకా దాని వెంటే వెళ్లారు. ఎపిసోడ్లు ఇరవై, ముప్పై నిమిషాలు. డబ్బు గురించిన మాటలంటే భయపడేవారు ఇక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు. మూడింటిలో ఒకటే కావాలంటే నేను రోమన్ మార్స్ పేరు చెబుతాను. అందులో ఏ ఎపిసోడ్‌తో మొదలుపెట్టినా నష్టం లేదు.

ఇంటర్వ్యూలు

అతి ఎక్కువగా దొరికేవీ, అతి ఎక్కువగా నిరాశపరిచేవీ ఇవే. మూడు గంటల సంభాషణ అంటే లోతైనదని అర్థం కాదు. అడిగేవారికి అతిథి పని తెలియకపోతే మూడు గంటలూ పైపైనే గడిచిపోతాయి.

‘ఫ్రెష్ ఎయిర్’ వ్యాఖ్యాత టెర్రీ గ్రోస్ 1975 నుంచి ఇదే పని చేస్తున్నారు. ముందుగానే అతిథికి ఒక మాట చెబుతారు: ప్రశ్న మరీ వ్యక్తిగతమనిపిస్తే చెప్పండి, వదిలేస్తాను అని. ఆ హామీ ఉండటం వల్లే అవతలివారు ఇంకా లోతుకు దిగుతారు. ‘డెజర్ట్ ఐలాండ్ డిస్క్స్’ ఇంకా పాతది, 1942లో బీబీసీలో మొదలైంది. నిర్జన ద్వీపానికి వెళ్లవలసివస్తే వెంట తీసుకెళ్లే ఎనిమిది పాటలు ఏవి? ఈ ఒక్క ప్రశ్నతో జీవితమంతా బయటికొస్తుంది. పాట గురించి మొదలైన మాట తల్లి గురించో, పోగొట్టుకున్న స్నేహితుడి గురించో అవుతుంది. పాడ్‌కాస్టులో పాటల నిడివి తగ్గించి వినిపిస్తారు, హక్కుల కారణంగా.

‘సాంగ్ ఎక్స్‌ప్లోడర్’ది వేరే దారి. హృషికేశ్ హిర్వే 2014లో మొదలుపెట్టారు. సంగీతకారులు తమ పాటను పొరలు పొరలుగా విడదీసి, ఏ వాద్యం ఎక్కడ ఎందుకు వచ్చిందో చెబుతారు. హిర్వే తన ప్రశ్నలను ఎడిటింగులో పూర్తిగా తీసేస్తారు. పాట చేసినవారి గొంతే మిగులుతుంది. గంటల కొద్దీ తమ గొంతే వినిపించే వ్యాఖ్యాతల మధ్య ఈ నిగ్రహం నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాలు దొరికినవారికి ఇది చక్కని ఎంపిక.

నిడివిని సార్థకం చేసేవారూ ఉన్నారు. అమిత్ వర్మ ‘ద సీన్ అండ్ ది అన్‌సీన్’ 2017లో చిన్న ఎపిసోడ్లతో మొదలై, అయిదారు గంటల సంభాషణలుగా పెరిగింది. అతిథి రాసినదంతా చదివి వస్తారు కాబట్టి ఆ గంటలు నిలుస్తాయి. ఒక్క కూర్చోవడంలో కాకుండా వారమంతా కొంచెం కొంచెంగా వినవలసిన కార్యక్రమం అది.

ఆరోగ్యం, పెట్టుబడులు, వ్యక్తిత్వ వికాసం మీద వచ్చే ఇంటర్వ్యూల విషయంలో కాస్త కఠినంగా ఉండమంటాను. వ్యాఖ్యాత గొప్పదని చెబుతున్న మందుపొడి, కోర్సు, యాప్ ఆ ఎపిసోడ్‌కు ప్రకటనకర్తదేనా చూడండి. అవునని తేలితే ఆ సలహాను ప్రకటన కింద జమకట్టండి.

వార్తలకు పెద్ద చర్చ అక్కర్లేదు. ఒక్క విషయాన్ని అరగంట లోపు వివరంగా తెలుసుకోవాలంటే న్యూయార్క్ టైమ్స్ ‘ద డైలీ’, ప్రపంచమంతా చుట్టి రావాలంటే బీబీసీ ‘గ్లోబల్ న్యూస్ పాడ్‌కాస్ట్’. రెండూ పెట్టుకుంటే వినని ఎపిసోడ్లు పోగుపడతాయి. ఒకటి చాలు.

తెలుగులో వినాలంటే

కౌముది అంతర్జాల మాసపత్రిక సంపాదకులు కిరణ్‌ప్రభ చేసే టాక్ షోలు నేను గట్టిగా సిఫార్సు చేసేవాటిలో మొదటివి. రచయితలు, కళాకారులు, చరిత్రలో నిలిచినవారి జీవితాలను ఒక్కరే, తడబాటు లేకుండా కథలా చెప్పుకుపోతారు. ఒక్కో జీవితం అనేక భాగాలుగా సాగుతుంది. చదివి, సరిచూసుకుని, వరుసపెట్టుకుని వచ్చిన మనిషి మాట ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. సాహిత్యం మీద ఇష్టమున్నవారికి ‘హర్షణీయం’ ఉంది. తెలుగు కథలు చదివి వినిపిస్తారు, రచయితలతోనూ అనువాదకులతోనూ తీరికగా మాట్లాడతారు. కథ చదువుతున్నప్పుడు కన్ను దాటవేసే యాసను, విరుపును చెవి పట్టుకుంటుంది.

తెలుగు పాడ్‌కాస్టు పేరిట వచ్చేవాటిలో ఎక్కువ భాగం కెమెరా ముందు ఇద్దరు కూర్చుని చేసే సుదీర్ఘ ఇంటర్వ్యూలే. అతిథి మంచివారైతే అవీ వినదగినవే. కానీ సీరియల్ లాగానో ప్లానెట్ మనీ లాగానో తిరిగి, వెతికి, కూర్చి చెప్పే కార్యక్రమాలు మన భాషలో చాలా తక్కువ. ఆ పని చేసేవారు ఎక్కడ కనబడినా వినండి, నలుగురికీ చెప్పండి. అలాంటి శ్రమ శ్రోతలు లేక ఆగిపోకూడదు.

ఇంగ్లీషు ఉచ్చారణ వేగంగా ఉందని వెనకాడేవారికి రెండు ఉపాయాలు. యాప్‌లో వేగాన్ని 0.8కి తగ్గించండి. మాట తీరు చెడకుండానే పదాలు విడివిడిగా వినిపిస్తాయి. రెండోది, పాఠం (మాట్లాడినదంతా అక్షరాల్లో) ఉన్న కార్యక్రమాలతో మొదలుపెట్టండి. దిస్ అమెరికన్ లైఫ్, రేడియోల్యాబ్, 99 పర్సెంట్ ఇన్విజిబుల్ తమ వెబ్‌సైట్లలో ఎపిసోడ్ పాఠం ఇస్తాయి. ఆపిల్ పాడ్‌కాస్ట్స్ యాప్ 2024 నుంచి ఇంగ్లీషు కార్యక్రమాలకు తానే పాఠం చూపిస్తోంది. ఒకసారి చదువుతూ విని, మరోసారి చదవకుండా వింటే ఆ గొంతు అలవాటైపోతుంది.

యాప్ సంగతి

పాడ్‌కాస్టులు చాలావరకు ఆర్ఎస్ఎస్ ఫీడ్ ద్వారా, అంటే ఏ యాప్ అయినా చదవగలిగే ఎపిసోడ్ల జాబితా ద్వారా వస్తాయి కనుక ఒకే కార్యక్రమం ఏ యాప్‌లోనైనా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో ప్రకటనలు, ఖాతా బాధ లేకుండా వినాలంటే యాంటెన్నాపాడ్ ఉచితం. కంప్యూటర్‌లోనూ ఫోన్లోనూ ఒకే జాబితా కావాలంటే పాకెట్ కాస్ట్స్ బాగుంటుంది. సంగీతానికి ఎలాగూ స్పాటిఫై వాడేవారు అక్కడే వినవచ్చు. ఏది వాడినా మీ జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా దాచుకునే వీలుందో లేదో చూసుకోండి. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూతపడినప్పుడు ఆ ఫైలుతోనే చాలామంది మరో యాప్‌కు మారగలిగారు.

కొన్ని యాప్‌లలో మౌనాలను కత్తిరించే సదుపాయం ఉంటుంది. ఇంటర్వ్యూలకు అది ఉపయోగమే, సమయం ఆదా అవుతుంది. కథనాలకు మాత్రం ఆపేయండి. పైన చెప్పిన 2012 నాటి ఎపిసోడ్‌లో ఆ కళాకారుడి మౌనాన్ని యాప్ కత్తిరించేస్తే, వినవలసినదాంట్లో సగం పోయినట్టే.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలన్నది చాలామందిని ఇబ్బందిపెట్టే ప్రశ్న. రోము చరిత్ర, సీరియల్, ఎస్-టౌన్ మొదటి భాగం నుంచే వినాలి. మిగిలినవాటికి వరుస అక్కర్లేదు. ఇన్ అవర్ టైమ్ లాంటి పెద్ద భాండాగారంలో, మీకు ఇప్పటికే బాగా తెలిసిన విషయం మీద ఉన్న ఎపిసోడ్‌ను ముందు వినండి. మీరు రసాయనశాస్త్రం చదివి ఉంటే దాని మీద ఉన్నది, వ్యవసాయం తెలిసి ఉంటే దాని మీద ఉన్నది. మీకు తెలిసిన సంగతిని వాళ్లు తేలిక చేసి చెప్పారా, తప్పుగా చెప్పారా, లేక మీకూ తెలియని ఒక మూలను చూపించారా? తెలియని విషయాల్లో వాళ్ల మాటను ఎంతవరకు నమ్మవచ్చో ఆ ఎపిసోడ్ ముగిసేసరికి మీరే చెప్పగలుగుతారు.